కబంధుడి చెయ్యి 96 చుక్కలు

పని బరి గీయడంతో మొదలవుతుంది. ఊళ్ళో చెడుగుడుకి ముగ్గుపిండితో వేసే గీతల్ని ఇక్కడ గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో వేస్తాం. మగవాళ్ళ కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆట తయారయ్యేది సెగా మెగా డ్రైవ్ అనే పాత వీడియో గేమ్ యంత్రానికి, దాని తెర 320 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తు. చుక్క అంటే పిక్సెల్. మా మేనల్లుడు మీటరుకి 32 చుక్కలని లెక్క కడతాడు. అప్పుడు బరి పొడవు 416 చుక్కలవుతుంది. తెరలో పట్టదు కాబట్టి కూతగాడు ముందుకి పోయేకొద్దీ నేల వెనక్కి జరుగుతూ ఉండాలి. వెడల్పుని మాత్రం మీటరుకి 16 చుక్కలకి నొక్కేస్తాడు, గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూస్తున్నట్టు కనపడటానికి. అది 160 చుక్కలు. పైన మిగిలిన 64 చుక్కల్లో ఆకాశం, జనం, చెరువుగట్టు ఇమడాలి.

32 అనే అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. ఈ యంత్రం బొమ్మని చుక్కలుగా దాచుకోదు, 8 చుక్కల చదరాలుగా దాచుకుంటుంది. ఆ చదరాన్ని టైల్ అంటారు. నడిగీత నుంచి బాక్ లైను 3.75 మీటర్లు, అంటే 120 చుక్కలు, 15 టైళ్ళు. బోనస్ లైను 4.75 మీటర్లు, 152 చుక్కలు, 19 టైళ్ళు. చివరిగీత 6.5 మీటర్లు, 208 చుక్కలు, 26 టైళ్ళు. ఒక్క గీతా టైలు మధ్యలో పడలేదు. “భిన్నం ఎక్కడా రాలేదు చూశావా మావయ్యా” అంటాడు వాడు, బరి తనే కనిపెట్టినంత సంబరంగా.

ద్వారకా తిరుమలలో మేడ మీద గదిలో తయారవుతున్న ఈ ఆట పేరు ఇంకా తేలలేదు గానీ సరుకేంటో తేలింది: 1990ల నాటి యంత్రం మీద, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు రాక్షసులు ఆడే చెడుగుడు. ఈ జాతి ఆటలకి పెద్దన్న అమెరికాలో ఉన్నాడు. 1993లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఇదే యంత్రానికి ‘మ్యూటెంట్ లీగ్ ఫుట్‌బాల్’ విడుదల చేసింది. రూపకర్త మైకేల్ మెండ్‌హైమ్. అప్పటికే అమ్ముడవుతున్న మ్యాడెన్ ఫుట్‌బాల్ ఆట యంత్రాంగాన్నే తీసుకుని అందులో అస్థిపంజరాల్నీ ట్రోల్ భూతాల్నీ రోబోల్నీ దింపారు. మైదానంలో మందుపాతరలుంటాయి. రిఫరీకి లంచం ఇవ్వొచ్చు, విసుగొస్తే చంపెయ్యొచ్చు. ఆటగాళ్ళు మరీ ఎక్కువమంది చస్తే జట్టు ఆట వదులుకోవాల్సిందే. మరుసటేడు హాకీ ఆట కూడా వచ్చింది. నాకు అందులో నచ్చింది నెత్తురు కాదు. చావు అక్కడ ఆటలో ఒక ఖర్చు, కోచ్ లెక్కలో వేసుకోవాల్సిన అంకె. మామూలు ఆటగాడికి కోరలు తగిలించి రాక్షసుడు అంటే ఎవడు ఒప్పుకుంటాడు? రాక్షసుడి ఒళ్ళు ఆట నియమాన్ని మార్చాలి.

అందుకే రెండో మెట్టు బొమ్మలు కాదు, జాబితా. ఒక్కో రాక్షసుడి పక్కన ఒక్కటే వాక్యం రాసుకుంటాం. కబంధుడికి తల లేదు, పొట్టలో నోరు, యోజనం పొడుగు చేతులు: ఉన్నచోటి నుంచే పట్టుకుంటాడు. సింహిక సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుడి నీడని పట్టి లాగింది: మనిషిని కాదు, నీడని పట్టుకుంటుంది. రక్తబీజుడి నెత్తురు చుక్క నేల మీద పడితే మరొకడు లేస్తాడు: ముట్టుకుంటే ఒకడు ఇద్దరవుతాడు. కుంభకర్ణుడు అయిదు కూతలు నిద్ర, ఆరో కూతకి మెలకువ. ఆ ఒక్క కూతలో వాడి పక్కకి వెళ్ళినవాడు తిరిగి రాడు. మారీచుడు, బకాసురుడు, సురస తక్కినవాళ్ళు. సురస నిజానికి నాగమాత, రాక్షసి రూపం తాల్చిందంతే, కానీ ఆ నోరు వదులుకోవడానికి మనసొప్పలేదు. పక్కన వాక్యం రాయలేకపోయిన రాక్షసుణ్ణి, ఎంత అందంగా గీయగలిగినా, కొట్టేస్తాం.

తర్వాత బొమ్మ. మామూలు ఆటగాడికి 32 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు. బరి కొలతలో చూస్తే వాడు మీటరున్నర రాక్షసుడు. ఎత్తుకి ఆ కొలత పట్టించుకోకూడదని ముందే ఒప్పందం. మేనల్లుడు మొదట రంగు వెయ్యడు. ఒళ్ళంతా నల్లగా నింపేసి, నోటుబుక్కుని గోడకి ఆనించి, గది ఈ చివర నుంచి చూస్తాడు. ఆ నల్లటి ఆకారం చూసి ఎవరో చెప్పలేకపోతే కాగితం చించేస్తాడు. బకాసురుడి కాగితాలు అలా చాలా పోయాయి. పొట్ట పెంచితే కుంభకర్ణుడిలా ఉంటాడు, తగ్గిస్తే ఎవడో పహిల్వాను. చివరికి చేతిలో ఎముక పెట్టకుండానే, దవడని భుజాలకన్నా వెడల్పు చేసి గట్టెక్కించాడు. నిలబడ్డ భంగిమ ఒక్కటి కుదరడానికి మూడు గంటలు పడుతుంది. అది కుదిరాక మిగిలినవి తొందరగా వస్తాయి: నిలుచోడానికి 2 బొమ్మలు, పరుగుకి 6, దూకడానికి 4, పట్టుకి 4, పడిపోడానికి 4, మొత్తం 20.

రంగుల్లో పిసినారితనం నేర్చుకోవాలి. ఈ యంత్రం 512 రంగులు కలపగలదు గానీ ఒకేసారి నాలుగు పెట్టెలే అందుబాటులో ఉంచుతుంది. పెట్టెకి 16 గదులు, అందులో ఒకటి పారదర్శకం, మిగిలినవి 15. ఆ పెట్టెని పాలెట్ అంటారు. నేలకీ చెరువుకీ ఒకటి, ఎర్ర జట్టుకి ఒకటి, పచ్చ జట్టుకి ఒకటి, అక్షరాలకీ నీడలకీ దుమ్ముకీ ఒకటి. రెండు జట్లలోనూ అదే ఏడుగురు రాక్షసులు. కబంధుణ్ణి ఒక్కసారే గీసి, పెట్టె మారిస్తే ఎర్ర కబంధుడు పచ్చ కబంధుడవుతాడు. గీతపని సగానికి సగం మిగులుతుంది. తోలుకి 4 రంగులు, బట్టకి 3, కళ్ళకీ పళ్ళకీ 2, అంచుకి ఒకటి. మిగతా అయిదు ఏ రాక్షసుడికి ఏది కావాలన్న తగువుకి.

ఇక తూకం. ఒక టైలు 32 బైట్లు. 32 బై 48 బొమ్మలో 24 టైళ్ళు. కబంధుడు 64 బై 56, అంటే 56 టైళ్ళు. మిగతా ఆరుగురికీ 20 బొమ్మల చొప్పున 2,880 టైళ్ళు, కబంధుడికి 1,120. మొత్తం 4,000. తెర కోసం యంత్రంలో ఉండే 64 కిలోబైట్ల జ్ఞాపకంలో, నేల పటాలు ఏవీ పెట్టకపోయినా, 2,048 టైళ్ళే పడతాయి. కాబట్టి బొమ్మలన్నీ క్యాసెట్లోనే ఉంచి, ఏ క్షణానికి ఏ భంగిమ కావాలో అదొక్కటే తెర జ్ఞాపకంలోకి ఎక్కించాలి. వేగంగా ఎక్కించడానికి వీలయ్యేది టీవీ ఒక బొమ్మ గీయడం ముగించి మళ్ళీ పైకి వెళ్ళే ఆ కాస్త విరామంలోనే. అమెరికా, జపాన్ యంత్రాల్లో ఆ విరామంలో సుమారు 7 కిలోబైట్లు ఎక్కుతాయి. మన దేశంలో వాడిన టీవీ పద్ధతిలో అంతకి రెట్టింపు దాటి ఎక్కుతుంది, కానీ తక్కువదానికే లెక్క కట్టుకోవడం వీడి నియమం. పద్నాలుగు మందీ ఒక్క క్షణంలో భంగిమ మారిస్తే 12,800 బైట్లు కావాలి. కుదరదు. అందుకని వాళ్ళ కాళ్ళకి వంతులు వేస్తాడు: ఒక్కో విరామంలో ఇద్దరో ముగ్గురో మారతారు, ఆరు విరామాలకి అందరి వంతూ అయిపోతుంది. చూసేవాడికి అందరూ ఒక్కసారే పరిగెడుతున్నట్టు ఉంటుంది.

అసలు కష్టం కబంధుడి చేతుల దగ్గరొస్తుంది. తెర మీద స్వేచ్ఛగా కదిలే బొమ్మముక్కని స్ప్రైట్ అంటారు. ఒక స్ప్రైట్ 32 బై 32కి మించకూడదు. తెర మొత్తం మీద 80, ఒక అడ్డగీత మీద 20. దానికన్నా కఠినమైన నియమం ఇంకోటుంది: ఒక అడ్డగీత మీద స్ప్రైట్ల వెడల్పు అంతా కలిపి 320 చుక్కలు దాటకూడదు. దాటితే యంత్రం ఆగదు, తిట్టదు. వరసలో చివరున్నవాణ్ణి గీయడం మానేస్తుంది. కబంధుడి ఒళ్ళు 64 చుక్కలు. అటు 96, ఇటు 96 చేతులు చాపితే మొత్తం 256. ఆ గీత మీద ఇంకా 64 చుక్కలే మిగిలాయి, అంటే ఇద్దరికే చోటు.

“రెండు చేతులూ ఒకేసారి చాపితే మూడోవాడి నడుం మాయమైపోతుంది మావయ్యా. కాళ్ళుంటాయి, తల ఉంటుంది, మధ్యలో చెరువు కనపడుతుంది.”

“చేతులు కురచ చెయ్యరా.”

“కురచ చేస్తే కబంధుడెందుకు? బకాసురుడు చాలడూ?”

రెండు పూటలు ఆలోచించి వాడు చేసింది ఇదీ. చెయ్యి 96 చుక్కలే ఉంటుంది, అంటే బరి మీద మూడు మీటర్లు. యోజనంతో పోలిస్తే తక్కువే అనుకోండి. కానీ ఒకసారికి ఒక్క చెయ్యే లేస్తుంది. ఒళ్ళు 64, చెయ్యి 96, కలిపి 160. మిగిలిన 160లో అయిదుగురు నిలబడొచ్చు. అంతకన్నా ఎక్కువమంది ఆ వరసలో ఉంటే, చెయ్యి లేచే ముందు అరసెకను పాటు రొమ్ము మీదున్న ఒంటికన్ను ఎర్రబడుతుంది, తోటి రాక్షసులు తమంతట తామే ముందుకీ వెనక్కీ తప్పుకుంటారు. ఎర్రబడిన కన్ను చూసి కూతగాడు కూడా తప్పుకోవచ్చు. యంత్రానికి చేతకానిది ఆటలో ఒక ఎత్తుగడ అయి కూర్చుంది. చూసేవాడికి మాత్రం వాళ్ళు కబంధుడికి భయపడి జరిగారనిపిస్తుంది. నాకైతే మొత్తం పనిలో ఇదే గొప్ప ఘట్టం.

సింహికది చిన్న పని, కానీ ముద్దొస్తుంది. ఇలాంటి ఆటల్లో కాళ్ళ కింద నీడ అలంకారం. 32 బై 8 చుక్కల నల్లటి ముక్క. వీడు కూతగాడి నీడకి కూడా ఒళ్ళున్నట్టు ఒక పట్టుపెట్టె తగిలిస్తాడు. పట్టుపెట్టె అంటే ఒకరినొకరు తాకారో లేదో తేల్చే కనపడని దీర్ఘచతురస్రం. సాయంత్రం ఎండ కాబట్టి నీడ 16 చుక్కలు కుడివైపుకి పడుతుంది. మొదటి సగంలో కుడివైపుకి కూతకి వెళ్ళేవాడి నీడ వాడికన్నా ముందే సింహికకి దొరుకుతుంది. 20 నిమిషాలయ్యాక జట్లు వైపులు మారతాయి, ఆ లాభం అవతలివాళ్ళకి పోతుంది. టాస్ గెలిచినవాడు ఎండ చూసి వైపు కోరుకోవాలి.

రక్తబీజుడికి హద్దు పెట్టక తప్పదు. మామూలు రాక్షసుడికి 2 స్ప్రైట్లు, కబంధుడికి 4, నీడకి ఒకటి: పద్నాలుగు మందికీ 46, కబంధుడి చెయ్యికి 3, మొత్తం 49. ఎనభైలో 31 మిగిలాయి. దుమ్ముకీ పక్షులకీ తీసేస్తే రక్తబీజుడి పిల్లలు నలుగురే. కాళికాదేవి చేసిన పని ఇక్కడ అంకె చేస్తుంది.

వెనక దృశ్యానికి మా ఊరి గుడి కొండని వాడుకోలేదు, గుడి కనపడేచోట రాక్షసులు కలబడటం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. కొల్లేరు పెట్టాం. యంత్రంలో నేలకి రెండు పొరలుంటాయి, రెండూ వేరువేరు వేగాలతో జరుగుతాయి. ముందుపొరలో బరి, వెనకపొరలో చేపల చెరువుగట్టు, తాడిచెట్లు, నీళ్ళు. ముందుపొర నాలుగు చుక్కలు జరిగితే వెనకది ఒక్క చుక్క జరుగుతుంది, దాంతో గట్టు దూరంగా ఉన్నట్టనిపిస్తుంది. కొల్లేరు పక్క ఆటపాకలో కనిపించే గూడబాతులు రెండు మూడు మధ్యమధ్య ఎగురుతాయి, రెక్కకి మూడు బొమ్మలు. నీళ్ళ రంగుకి పెట్టెలో గది చాల్లేదు. వాడు నీలం నిలువుగీత, బూడిద నిలువుగీత ఒకదాని పక్కన ఒకటి వేస్తాడు. కంప్యూటర్ తెర మీద అది చారల దుప్పటిలా వికారంగా ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీకి పసుపు వైరుతో కలిపితే గీతలు కలిసిపోయి, మధ్యాహ్నం కొల్లేరు నీళ్ళ రంగే వస్తుంది. ఆ రోజుల్లో బొమ్మలు గీసినవాళ్ళు టీవీ మసకని కూడా ఒక రంగుడబ్బాగా వాడుకున్నారు.

బొమ్మలు పీఎన్‌జీ ఫైళ్ళుగా కంప్యూటర్లోకి చేరాక రాతపని. ఎస్‌జీడీకే అనే ఉచిత పనిముట్ల సంచి వాడతాడు. స్టెఫాన్ డలోంజ్‌విల్ అనే ఆయన తయారుచేసింది. సి భాషలో రాస్తే మెగా డ్రైవ్ గుండె అయిన మోటరోలా 68000కి అర్థమయ్యే అంకెలుగా మారుస్తుంది. ఖర్చు సున్నా. ఆ 68000 వేగం 7.6 మెగాహెర్ట్జ్, చేతిలో పనిజ్ఞాపకం 64 కిలోబైట్లు. చెడుగుడు ఇక్కడ కలిసొస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్లో పదకొండు మందికి పదకొండు మంది ఎవరు ఎవర్ని గుద్దుకున్నారో చూడాలంటే 121 పోలికలు. చెడుగుడులో బయటివాడు ఒక్కడే, చూడాల్సినవి ఏడు. మిగిలిన సమయం రాక్షసుల తెలివికి ఖర్చవుతుంది. దూరం కొలవడానికి వర్గమూలం జోలికి పోడు. పెద్ద భుజానికి చిన్న భుజంలో సగం కలిపి దూరం అనుకుంటాడు. కాస్త తేడా వస్తుంది, పట్టులో ఎవరికీ తెలీదు. కూత గడువు 30 సెకన్లు. సెకనుకి 50 సార్లు తిరిగే టీవీకి 1,500 తిరుగుళ్ళు, 60 సార్లు తిరిగేదానికి 1,800. ఆట మొదలవగానే యంత్రాన్ని నువ్వు ఏ రకం అని అడిగి ఆ అంకె పెట్టుకుంటుంది.

కూత లేకపోతే చెడుగుడే లేదు. పక్కింటి కుర్రాడి చేత ఫోన్‌లో పలికించి రికార్డు చేస్తాం. సెకనుకి 14,000 నమూనాలు, నమూనాకి ఒక బైటు. 30 సెకన్లూ దాచాలంటే 4,20,000 బైట్లు, క్యాసెట్టంతా అదే తినేస్తుంది. సెకనున్నర ముక్క కోస్తే 21,000 బైట్లు. దాన్ని అతుకు వినపడకుండా తిప్పుతూ ఉండాలి, అంటే చివరి ‘గుడు’ దగ్గర తరంగం ఏ ఎత్తులో ఆగిందో మొదటి ‘చె’ అదే ఎత్తులో మొదలవ్వాలి. ఆ అతుకు కోసం వాడు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒక సాయంత్రమంతా కూర్చుంటాడు. ఇలాంటివి మూడు: నిండు ఊపిరిది, అలిసినది, తెగబోయేది. తెర మీద ఊపిరి కొలత పెట్టొద్దని నేనన్నాను. చెవికి తెలుస్తున్నప్పుడు కంటికి గీతెందుకు? పెట్టలేదు.

అన్నీ కలిపితే ఒక్క ఫైలు తయారవుతుంది, 400 కిలోబైట్లకి కాస్త అటూఇటూ. మొదటి 256 బైట్లలో ఎక్కడ మొదలుపెట్టాలన్న చిరునామాలు, ఆ వెంటనే సెగా పేరు నాలుగు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు లేకపోతే తర్వాతి కాలపు మెగా డ్రైవ్‌లు ఆటని మొదలుపెట్టవు. 1993లో అయితే ఈ ఫైలు చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళి, సిలికాన్‌లోనే అచ్చయ్యేది. వేలల్లో ఆర్డరివ్వాలి, తప్పు దొర్లితే దిద్దడానికి ఉండదు. మాకు కావాల్సింది నాలుగైదు క్యాసెట్లు కాబట్టి ఈప్రోమ్ చిప్పు తెస్తాం. 27సి4096 రకం, 512 కిలోబైట్లు పడుతుంది, 40 పిన్నులు. దాని నెత్తిన గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద 20 నిమిషాలు పెడితే పాత రాత అంతా చెరిగిపోతుంది. నేరుగా ఎండలో వారం రోజులు వదిలేసినా చెరిగిపోతుంది, అందుకే రాశాక కిటికీ మీద నల్ల స్టిక్కర్ అంటించాలి. మామూలుగా 5 వోల్టులతో పనిచేసే చిప్పుకి, రాసేటప్పుడు మాత్రం ప్రోగ్రామర్ పెట్టె 12 దాటిన వోల్టేజి ఇస్తుంది. రాశాక మళ్ళీ మొదటి నుంచి చదివించి, ఫైలుతో బైటు బైటూ పోల్చి చూస్తాడు.

అతుకుపని ఏలూరులో, పాత టీవీలు బాగుచేసే మెకానిక్ గారి దగ్గర. 1.6 మిల్లీమీటర్ల మందం బోర్డు, అంచున పక్కకి 32 చొప్పున 64 బంగారుపూత పలకలు, ఒక్కోదానికి మధ్య 2.54 మిల్లీమీటర్లు. బోర్డుకి నేరుగా చిప్పు అతకనివ్వరాయన. “మళ్ళీ మార్చరా ఏంటండీ? మారుస్తారు. సాకెట్ వేద్దాం” అంటారు. తగరం, సీసం 63కి 37 పాళ్ళలో కలిపిన లెడ్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన మాత్రం 350 దగ్గర ఉండాలి. ఆయన మొనని పిన్నుకీ రాగిపలకకీ ఒకేసారి ఆనిస్తారు, రెండు సెకన్లు ఆగి రెండో పక్క నుంచి లెడ్ తాకిస్తారు. అది మెరుస్తూ కొండలా పైకి లేస్తే సరే. గోళీలా ముద్దకడితే పీల్చేసి మళ్ళీ. 40 పిన్నులకి పది నిమిషాలు కూడా పట్టలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, భూతద్దంతో ఒకసారి, మీటరుతో ఒకసారి చూశారు. చిప్పు కరెంటు కాలు పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తనంతట తానే వేసి, దానికి డబ్బులు తీసుకోలేదు.

పరీక్ష వీధిలో చెడుగుడు ఆడే కుర్రాళ్ళది. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి పాత టీవీకి కలుపుతాం, మేనల్లుడు వెనక నిలబడి నోరు మెదపకుండా రాసుకుంటాడు. కబంధుడి కన్ను ఎర్రబడటం మొదటి ఆటలోనే కనిపెట్టేశారు. సింహిక సంగతి అర్థమవడానికి మూడు ఆటలు పట్టింది. అర్థమైన పిల్లాడు అవతలివాడికి చెప్పలేదు. వాళ్ళు పట్టుకున్న తప్పు రాక్షసులది కాదు. “ఎవర్నీ ముట్టకుండా లాబీలో కాలేస్తే అవుట్ కదండీ, మీవాడు తిరిగేస్తున్నాడేంటి?” పక్కల మీటరు వెడల్పు పట్టీ అది, ముట్టుకున్న తర్వాతే బరిలో భాగమవుతుంది. 16 చుక్కలు గీశాం గానీ నియమం రాయలేదు. మేనల్లుడు అక్కడికక్కడే మూడు వరసలు చేర్చాడు. స్టిక్కర్ పీకి, సాకెట్లోంచి చిప్పు తీసి, దీపం కింద పెట్టాడు. ఇరవై నిమిషాల్లో చెరిగింది, మళ్ళీ రాసి సాకెట్లో కుక్కేసరికి తర్వాతి ఇద్దరూ జట్ల రంగుల కోసం తగువులాడుతున్నారు.